వీలునామాలో ఊరికొక వాటా

ప్రశ్న: నా వయసు 71. మావారు పోయి ఆరేళ్లయింది. ఆయన నలభై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. అక్కడ నేర్చుకుని ఉద్యోగాల్లో కుదురుకున్న ఆడపిల్లలు ఇప్పటికీ ఫోను చేసి పలకరిస్తారు. మా పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. నేనుంటున్న ఇంటిని ఒక కమ్యూనిటీ ఫౌండేషన్‌కు, అంటే దాతల సొమ్మును కూడగట్టి ఆ ప్రాంతం మంచికే ఖర్చు చేసే సంస్థకు, రాసివ్వాలని ఉంది. దాని మీద వచ్చే డబ్బుతో ఏటా పదిమంది పేద ఆడపిల్లలకు టైపు, షార్ట్‌హ్యాండు నేర్పించాలి. మరి దేనికీ వాడకూడదు. నిధికి మావారి పేరుండాలి. ముసాయిదా పంపుతున్నాను, చూసి చెప్పండి. పిల్లలకు ముందే చెప్పాలా?

జవాబు: అమ్మా, మీ ముసాయిదా రెండుసార్లు చదివాను. అది మీవారి మిషను మీదే కొట్టి ఉంటారు. చుక్క పడ్డ ప్రతిచోటా కాగితానికి సన్నని చిల్లు పడింది. కిటికీ వైపు పట్టుకుంటే పేజీ నిండా వెలుతురు చుక్కలు కనిపించాయి. ‘మరి దేనికీ వాడరాదు’ అన్న మాట కింద రెండు గీతలున్నాయి. నా పేచీ అంతా ఆ రెండు గీతలతోనే.

ఒక వకీలు దగ్గర ముప్పై రెండేళ్లు వీలునామాలు రాసిపెట్టిన దాన్ని. ‘ఆచంద్రతారార్కం’ అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. రాయించుకునేవారికి ఆ మాట తృప్తినిస్తుంది, అమలు చేసేవారికి సంకెలవుతుంది. అమెరికా దేశనాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంగతే చూడండి. ఆయన 1790లో పోయారు. అంతకు ముందు ఏడాది వీలునామాకు అనుబంధం రాసి, బోస్టన్ నగరానికి వెయ్యి పౌన్లు, ఫిలడెల్ఫియా నగరానికి వెయ్యి పౌన్లు ఇచ్చారు. పని నేర్చుకున్న, పెళ్లయిన, పాతికేళ్ల లోపు చేతివృత్తుల కుర్రవాళ్లకు అయిదు శాతం వడ్డీకి అప్పులివ్వాలన్నారు. ఇలా రెండు వందల ఏళ్లు నడవాలి. వందేళ్లకు వెయ్యి పౌన్లు లక్షా ముప్పై ఒక్క వేలవుతాయని లెక్క కూడా కట్టారు. లెక్కలో తప్పు లేదు, లోకమే మారిపోయింది. గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉండి పని నేర్చుకునే పద్ధతి పోయింది, ఆ షరతులకు సరిపడే కుర్రవాళ్లు కరువయ్యారు, వందేళ్లకు సొమ్ము ఆయన అనుకున్నంతకు చేరలేదు. అంతటి బుద్ధిమంతుడికే రాబోయే కాలం అందలేదు.

కమ్యూనిటీ ఫౌండేషన్ అన్నది పుట్టిందే ఈ చిక్కులోంచి. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదటిదాన్ని నెలకొల్పారు. పోయినవారి షరతుల కింద నలిగి నిరుపయోగంగా పడి ఉన్న ధర్మనిధులను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. చిన్నా పెద్దా దాతల సొమ్మంతా ఒకచోట పెట్టి, అసలు కరగకుండా చూస్తూ, ఏటా కొంత భాగాన్ని ఆ ప్రాంతం అవసరాలకు ఖర్చు చేస్తారు. దాత చెప్పిన పనికి కాలం చెల్లితే, దానికి దగ్గరగా ఉన్న మరో పనికి మళ్లించే అధికారం పాలకమండలికి ఉంటుంది. మీరు ఎంచుకున్న సంస్థకున్న గొప్ప సదుపాయం ఇదే. ఆ రెండు గీతలతో మీరు కొట్టేసింది కూడా దాన్నే!

మీవారు ఆ పిల్లలకు నేర్పింది టైపు ఒక్కటేనా? నెలాఖరుకు సొంత జీతం చేతికి వచ్చే దారి చూపించారు. ఆ దారి నలభై ఏళ్ల తర్వాత ఏ మిషను మీదుగా పోతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకని ఆ పేరా ఇలా మార్చి చూడండి:

‘నా అప్పులు, పన్నులు, అంత్యక్రియల ఖర్చులు, పైన చెప్పిన ఇతర వాటాలు పోగా మిగిలిన ఆస్తిలో నాలుగో వంతు ఫలానా ఫౌండేషన్‌కు చెందాలి. ఆ మొత్తాన్ని నా భర్త పేరున శాశ్వత నిధిగా ఉంచి, పేద ఆడపిల్లలకు ఉద్యోగానికి పనికివచ్చే విద్య నేర్పించడానికి వాడాలి. టైపు, ఆఫీసు పనులు నేర్పడానికి అవకాశం ఉన్నంత కాలం వాటికి ప్రాధాన్యం ఇవ్వాలని నా కోరిక. అది కుదరదని పాలకమండలి భావించినప్పుడు ఈ ఉద్దేశానికి దగ్గరగా ఉన్న మరో పనికి వాడవచ్చు.’

‘కోరిక’ అన్నాను, ‘షరతు’ అనలేదు. గమనించారు కదా?

‘ఫలానా’ ఉన్నచోట ఫౌండేషన్ అసలు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా ఉండాలి. జనం పిలిచే పేరు పనికిరాదు. ఒకాయన వాడుక పేరు రాయించుకుంటే, ఆ పేరుకు దగ్గర పేర్లున్న రెండు సంస్థలు మాదంటే మాదని వచ్చాయి. ఎవరికివ్వాలో తేలక ఎగ్జిక్యూటరు, అంటే వీలునామాను అమలు చేసే బాధ్యత ఉన్నాయన, రెండేళ్లు తిరిగాడు.

ఇల్లు ఎందుకు తీసేశానంటారా? ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలాకాలం కిందట ఒక పెద్దాయన తన స్థలాన్ని అనాథాశ్రమానికి రాయిస్తే, సర్వే నంబరు, హద్దులు సహా పొందికగా రాసిపెట్టాను. నాలుగేళ్లకు జబ్బు చేసి వైద్యానికి ఆ స్థలం అమ్ముకున్నారు. వీలునామా మార్చాలన్న ధ్యాస ఆయనకు లేదు, ‘అమ్మితే ఏమిటి’ అని అడగాలన్న తెలివి నాకూ లేకపోయింది. ఆయన పోయేనాటికి ఆ స్థలం ఆయనది కాదు కాబట్టి ఆశ్రమానికి చిల్లిగవ్వ దక్కలేదు. బ్యాంకులో మిగిలిన సొమ్మంతా వారసులకు పోయింది. ఒక వస్తువును చూపించి రాస్తే ఆ వస్తువుతోపాటే దానమూ పోతుంది. అంకె వేసి ఇంత మొత్తం అని రాస్తే ధరలు పెరిగేకొద్దీ అది చిక్కిపోతుంది. మిగిలినదాంట్లో ఇంత వంతు అని రాస్తే మీ ఆస్తి పెరిగితే పెరుగుతుంది, తరిగితే తరుగుతుంది. పిల్లల వాటానూ మింగదు.

ఇంకొక ప్రశ్న, కొంచెం చేదుగా ఉంటుంది. ఆ ఇల్లు మీవారి పేరున ఉండేదా? ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, అందులో పిల్లలకు ఇప్పటికే వాటా ఉండవచ్చు. మనది కానిది మనం రాసివ్వలేం. ముందు ఆ దస్తావేజు తీసి వకీలుకు చూపించండి. సొంత ఆస్తి మీద కూడా కొన్ని చట్టాలు కట్టడి పెడతాయి. ముస్లిం ధర్మశాస్త్రంలో వీలునామా ద్వారా ఇవ్వగలిగేది సాధారణంగా మూడో వంతు వరకే. ఫ్రాన్సులో పిల్లలిద్దరుంటే మూడింట రెండు వంతులు వారికి వదలాల్సిందే. ఇల్లే ఇవ్వాలని పట్టుదల ఉంటే, తీసుకుంటారా అని ఫౌండేషన్‌ను ముందే ఉత్తరం రాసి అడగండి. మరమ్మతులు, పన్నులు ఎవరు భరించాలి? సాధారణంగా అమ్మి సొమ్ము చేసుకుంటారు. అందుకు మీకు సమ్మతమేనా?

పిల్లలకు చెప్పాలా అన్నారు. చెప్పండి, ఈ వారమే. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పండి. మీ నోటి నుంచి వింటే అలిగినా నాలుగు రోజులకు సర్దుకుంటారు. వకీలు గదిలో మొదటిసారి వింటే, అమ్మ చేత ఎవరో రాయించారన్న అనుమానం పుడుతుంది. కోర్టు మెట్లు ఎక్కించేది చాలావరకు ఆ అనుమానమే.

ప్రశ్న: నాకున్నది కొంచెమే. అంత తక్కువ ఇస్తే తీసుకుంటారా?

జవాబు: తీసుకుంటారు. పేరుతో ప్రత్యేక నిధి పెట్టాలంటే చాలా ఫౌండేషన్లలో కనీస మొత్తం ఇంతని ఉంటుంది. అది అందకపోతే ఉమ్మడి నిధికి రాయండి, మీ సొమ్మూ మిగతావారి సొమ్ముతో కలిసి పనిచేస్తుంది. నన్నడిగితే పేరు పెట్టుకునే నిధి కన్నా ఉమ్మడి నిధే మేలు. అలా అంటే పైన రాసిన అమ్మగారికి కోపం రావచ్చు.

ప్రశ్న: రెండేళ్ల కిందట వీలునామాలో ఒక సంస్థకు పదో వంతు రాశాను. ఇప్పుడు మనసు మారింది. ఆ లైను కొట్టేసి పక్కన సంతకం పెడితే చాలదా? సాక్షిగా మా కోడలు ఉంటుంది.

జవాబు: ముందు కలం కింద పెట్టండి. మీరున్నంత కాలం వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కానీ కొట్టివేతతో కాదు. చిన్న మార్పయితే అనుబంధం రాసి, అసలు వీలునామాకు చేసినట్టే సాక్షుల ఎదుట సంతకం పెట్టండి. పెద్దదైతే, పాతవన్నీ రద్దని మొదటి వాక్యంలోనే చెప్పి కొత్తది రాయించండి. కోడలిని సాక్షిగా పెట్టకండి. వీలునామా వల్ల లాభపడేవారు గానీ, వారి భార్యాభర్తలు గానీ సాక్షి సంతకం చేస్తే వారికి రాసిన వాటా చెల్లదనే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి. ఆమెను ఆ రోజు గదిలోనే ఉంచవద్దు. మీ ఆస్తితో ఏ సంబంధమూ లేని, మీకన్నా వయసులో చిన్నవారిని ఇద్దరిని పిలవండి.