గడ్డి చామంతి రసంతో రక్తం ఆగుతుందా? ఆగుతుంది

"గడ్డి చామంతి ఆకు రసం గాయాలకు నిజంగా పనిచేస్తుందా, ఊరికే చెప్పుకునే మాటా?" అని అడిగారు. పనిచేస్తుంది. నా ఎడమ చూపుడు వేలే సాక్ష్యం.

గట్టు మీద గడ్డి కోస్తుంటే కొడవలి జారి వేలు తెగింది. రక్తం బొటబొటా కారుతోంది. పక్కనే ఉన్న మా పిన్ని ఏమాత్రం కంగారు పడలేదు. కాళ్ల దగ్గరే ఉన్న మొక్క నుంచి నాలుగాకులు తుంచి, సీసాలో నీళ్లతో కడిగి, అరచేతిలో వేసి నలిపింది. ఆ ఆకు నూగుతో గరుకుగా ఉంటుంది, ఓ పట్టాన నలగదు. చివరికి ముదురాకుపచ్చ రసం దిగింది. వేలి మీద పిండగానే ప్రాణం జివ్వుమంది. "అరవకు, చెయ్యి పైకెత్తి పట్టుకో" అంటూ పిప్పి కూడా పెట్టి రుమాలుతో బిగించి కట్టింది. కాసేపటికి రక్తం ఆగింది.

బిగించి కట్టడం వల్లే ఆగిందని మా తమ్ముడి వాదన. వాడికి అన్నిటికీ వాదనే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కూడా ఈ ఆకు గాయం మానడానికి తోడ్పడినట్టు కనిపించింది మరి.

నాకు ఒళ్లు మండేది 'వేల ఏళ్ల నాటి మహర్షుల రహస్యం' అనే వీడియోలు చూస్తే. ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణ ప్రాంతాలు. అక్కడి నుంచి వచ్చి ఇక్కడ కలుపులా పాకింది. ఎక్కడి నుంచో వచ్చిన కలుపును వాడి చూసి, దేనికి పనికొస్తుందో పసిగట్టింది పొలం పనులు చేసుకునే వాళ్లే. ఆ పేరు వాళ్లకు ఇవ్వడానికి ఏం నొప్పి?

ఇంకో గోల, జుట్టు నూనెకని గుంటగలగర పేరు చెప్పి ఇదే ఆకును అంటగట్టడం. గుంటగలగర తడి నేలలో పెరుగుతుంది, చిన్న తెల్ల పువ్వు. గడ్డి చామంతికి పొడుగాటి కాడ చివర పసుపు బొడ్డు, చుట్టూ సాధారణంగా ఐదు తెల్ల రేకులు, ఒక్కో రేకు అంచుకు మూడు పళ్లు. కాస్త వంగి చూస్తే చాలు.

లోతుగా తెగితే మాత్రం ఆకులు వెతుక్కుంటూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ సంగతీ అడగండి. మా పిన్ని కూడా ఆ సాయంత్రమే నన్ను లాక్కెళ్లి వేయించింది. కలుపు మందు కొట్టిన గట్టు మీది ఆకు అసలు ముట్టుకోవద్దు. ఈమధ్య మందు కొట్టని గట్టు దొరకడమే గగనమైపోయింది.