కనెక్ట్ అయినా పేజీలు తెరుచుకోవడం లేదు

ప్రశ్న: విండోస్‌లో చక్కగా పనిచేసే లోపలి మోడెమ్ కార్డు లినక్స్‌లో డయల్ చేయడం లేదు. సీరియల్ పోర్టు మోడెమ్ పెడితే కనెక్ట్ అవుతోంది గానీ ఒక్క పేజీ తెరుచుకోదు. ఎందుకు?

జవాబు: ఆ కార్డు బహుశా విన్‌మోడెమ్. సిగ్నల్ పనిని చిప్‌కు బదులు డ్రైవరు ప్రాసెసర్‌తో చేయిస్తుంది; లినక్స్ డ్రైవరు దొరక్కపోతే ఉత్త రేకుముక్కే. బయటి మోడెమే మేలు.

రూట్ (root, అంటే అడ్మిన్ యూజర్)గా, డయలింగ్ సెట్టింగులు సిద్ధం చేసే 'డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్' (wvdialconf) కమాండు నడపండి. పోర్టును వెతికి (విండోస్‌లోని కామ్1 పోర్టు లినక్స్‌లో టీటీవైఎస్0) సెట్టింగుల ఫైలు రాస్తుంది. అందులో ఫోన్ నంబరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నింపి, ఆ వరుసల ముందున్న సెమికోలన్లు తీసేయండి. చాలామంది మరిచేది ఇదే. మీరు ఈ మెట్టు దాటేశారు.

ఇక పేజీల సంగతి. కనెక్షన్ ఉండగా ఏదైనా ఐపీ నంబరుకు పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో చూసే కమాండు) చేయండి. జవాబొస్తే లోపం సైటు పేర్లను ఐపీ నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్‌ది: రిజాల్వ్ డాట్ కాన్ఫ్ (resolv.conf) ఫైల్లో సర్వీసు సంస్థ ఇచ్చిన నేమ్‌సర్వర్ నంబర్లు రాయండి. రాకపోతే 'రూట్ మైనస్ ఎన్' (route -n) కమాండుతో డేటా వెళ్లే దారుల పట్టిక చూడండి. నెట్‌వర్క్ కార్డు పేరిట డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌కు వెళ్లే దారి) ముందే ఉంటే, ఫోన్ లైను మీద నెట్ కనెక్షన్ నడిపే పీపీపీడీ ప్రోగ్రాము మామూలుగా దాన్ని మార్చదు. 'రూట్ డెల్ డిఫాల్ట్' (route del default) ఇచ్చి మళ్లీ డయల్ చేయండి.

అసలు ఐపీ నంబరే రాకుండా లైను తెగిపోతుంటే ఆ సెట్టింగుల ఫైల్లో 'స్టుపిడ్ మోడ్ = 1' చేర్చండి. పేరెలా ఉన్నా పనికొస్తుంది: లాగిన్ ప్రాంప్టు కోసం ఆగకుండా వెంటనే పీపీపీ మొదలవుతుంది.