సొంత ఫోన్‌కి ఆఫీస్ తాళం

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత కంపెనీలో సేల్స్. చెరువు గట్టున తడి చేతులతో ఫోన్ తీయాలి కాబట్టి లాక్ పెట్టుకోలేదు. ఆఫీస్ మెయిల్ పెట్టగానే పిన్ పెట్టి తీరాలంటోంది. నా ఫోన్ మీద వాళ్ల పెత్తనమేంటండీ?

జవాబు: మెయిల్ పెట్టేటప్పుడు 'డివైస్ అడ్మిన్' అనే అనుమతి దగ్గర యాక్టివేట్ నొక్కి ఉంటారు. (చదవకుండా నొక్కడంలో నేనూ తక్కువేం కాదు.) ఆ అనుమతితోనే పిన్ ఎంత పొడవుండాలో, ఎంతసేపటికి లాక్ పడాలో కంపెనీ సర్వర్ చెబుతుంది. నాకు పిన్ కన్నా ఇంకోటి టెన్షన్: ఆ అనుమతిలో ఫోన్ మొత్తం దూరం నుంచే చెరిపేసే అధికారం కూడా ఉండొచ్చు, పిల్లల ఫొటోలతో సహా. 'వర్క్ ప్రొఫైల్' (ఫోన్‌లోనే ఆఫీస్ పనికి విడిగా ఉండే భాగం) ఇమ్మని మీ ఐటీ వాళ్లని అడగండి. అప్పుడు చెరిపినా ఆఫీస్ భాగమే పోతుంది. కుదరదంటే మెయిల్ తీసేసి, అడ్మిన్ ఆపేయండి.