రంగు తీయడమా, వన్నె తీయడమా?

సందేహం: విజయనగరంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. కంప్యూటరులో రంగుల ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌గా మార్చడాన్ని మేము ‘రంగు తీసేయడం’ అంటాము. ‘వర్ణరహితం చేయడం’ అని రాయాలని ఒక పెద్దాయన అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: ‘వర్ణరహితం’ వ్యాకరణానికి లొంగుతుంది గాని పనిలో ఉన్నవాడి నోటికి లొంగదు. పైగా నలుపూ తెలుపూ వర్ణాలే కనుక అర్థమూ పూర్తిగా కుదరదు. ఆ చిక్కు మీ ‘రంగు’కూ ఉన్నది. ఈ రెంటికంటె ‘వన్నె’ నాకు నచ్చుతుంది.

వర్ణ శబ్దం ప్రాకృతంలో ‘వణ్ణ’ అయి, కన్నడంలో ‘బణ్ణ’గా, తమిళంలో ‘వణ్ణం’గా, మనకు ‘వన్నె’గా దక్కింది. కంసాలి గీటురాయి మీద గీసి చూసి బంగారం మేలిమిని వన్నెలలో చెప్పేవాడు; కల్తీ లేనిది పదారువన్నె బంగారం, రాగి కలిసినకొద్దీ వన్నె తగ్గేది. ఆ వాడుకలో వన్నె అంటే ఏ రంగు అని కాదు, అది ఎంత నిండుగా ఉన్నదని. మీ సాఫ్ట్‌వేరులో శాచురేషన్ స్లైడరు కొలిచేది సరిగ్గా ఆ నిండుతనాన్నే. ఇంతటి మాటను సన్మానపత్రాలలో ‘జిల్లాకు వన్నె తెచ్చారు’ అనడానికి మాత్రమే మిగుల్చుకోవడం మన అశ్రద్ధ. ‘వెలిసిపోవడం’ వేరు, అది ఎండకు, కాలానికి జరిగేది.

అయితే వన్నె తీయగానే పని ముగియదు. సిరిమానోత్సవం ఫొటోలో ఆకుపచ్చ అంచున్న ఎర్ర చీర ఉన్నదనుకోండి. ఫొటోషాప్‌లోని డీశాచురేట్ కమాండు సమాన బలం గల ఎరుపునూ ఆకుపచ్చనూ ఒకే బూడిద రంగుకు దింపుతుంది. చీరలో అంచు కలిసిపోతుంది. ఆకుపచ్చ మన కంటికి ఎక్కువ వెలుగుగా తోస్తుంది కనుక, ఎరుపుకు 30, ఆకుపచ్చకు 59, నీలానికి 11 పాళ్ల చొప్పున లెక్కగట్టే పద్ధతిలో అంచు తేటగా, చీర ముదురుగా వచ్చి రెండూ విడివడతాయి. ఈ ముదురు లేతల తేడాకు ‘చాయ’ అనే మాట ఉన్నది. చామనచాయ అనే జాతికి ‘టోన్’ అని అరువు తెచ్చుకోవలసిన అగత్యం ఏమిటో నాకు తెలియదు.

కనుక రాతలో ‘వన్నె తీసి, చాయలు దిద్దడం’ అనవచ్చునని నా అభిప్రాయం. స్టూడియోలో ‘రంగు తీసేయడం’ నిలిచినా నాకు అభ్యంతరం లేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన సీమలో పనివారి మాటను తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు. బ్లాక్ అండ్ వైట్‌కు ‘నలుపు తెలుపు’ ఎప్పుడో స్థిరపడింది. దానిని ‘శ్వేతశ్యామం’ చేయనక్కరలేదు.