సమురాయి బంటా, క్షత్రియుడా?

సందేహం: జపాను చరిత్ర మీద ఒక తెలుగు అనువాదం చదువుతున్నాను. అందులో ఒక పేజీలో ‘సామురాయ్’, మరో పేజీలో ‘సమురాయ్‌లు’, ఇంకోచోట ‘జపాను క్షత్రియులు’ అని ఉంది. ‘బుషిడో’ని ‘క్షాత్రధర్మం’ అన్నారు. వీటిలో ఏది సరి? హరాకిరి, సెప్పుకు ఒకటేనా? ఇంకొకటి కూడా. ఈ కాలపు కథతో నడిచే ఒక జపాను సీరియల్లో ఒకమ్మాయి ‘మా అన్నయ్య ఈ ఏడు రోనిన్’ అంటే, కింద తెలుగులో ‘మా అన్నయ్య యజమాని లేని యోధుడు’ అని పడింది. ఇదేమిటి?

సమాధానం: ముందు రాత సంగతి తేల్చుకుందాం. జపాను వాళ్ల నోట ఈ మాట స-ము-ర-ఇ అని నాలుగు మాత్రల్లో పలుకుతుంది. మొదటి ‘స’ హ్రస్వమే. దానికి దీర్ఘం ఇంగ్లిషు ఉచ్చారణ విని తగిలించుకున్నది. చివరి పొల్లు ‘య్’ కూడా అటునుంచి వచ్చిందే. జపాను భాష, ఒక్క నకారాన్ని మినహాయిస్తే, మనలాగే అజంత భాష. వాళ్లు ఇకారం పలుకుతూ ఉంటే, అబ్బాయి, సిపాయి, రూపాయి అని రాసుకునే మనం దాన్ని కోసి పొల్లు చేయడమెందుకు? కాబట్టి ‘సమురాయి’.

బహువచనం దగ్గర కాస్త ఆగాలి. రాయి రాళ్లవుతుంది, చేయి చేతులవుతుంది. అవి పాత తెలుగు మాటలు, వాటి మర్యాద వేరు. వలస వచ్చిన మాటకు అదివ్వనక్కర్లేదు. ‘సమురాళ్లు’ అని ఎవరూ రాయరనుకోండి. రూపాయి రూపాయలైనట్టు ‘సమురాయలు’ అనొచ్చు కదా అంటే, వ్యాకరణం అడ్డు చెప్పదు గానీ చదివేవాడికి హంపీ విజయనగరం గుర్తుకొస్తుంది. అబ్బాయిలు, సిపాయిలు వరసలో ‘సమురాయిలు’ హాయిగా ఉంది.

ఇక అర్థం. మీ ప్రశ్నలో అసలు ముడి ఇక్కడుంది. కత్తి పట్టినవాడు కనక క్షత్రియుడు అనుకున్నాడు అనువాదకుడు. కానీ ఈ మాట పుట్టుకలో కత్తి లేదు. ‘సబురౌ’ అని ఒక పాత క్రియ ఉంది: పెద్దల సముఖాన కనిపెట్టుకుని ఉండటం, కొలువు చేయటం అని అర్థం. దాని నామరూపం ‘సబురాయి’, అది నలిగి ‘సమురాయి’ అయింది. ఆ బకార మకారాల తడబాటు జపాను నోటికి మామూలే. దిగులుగా ఒంటరిగా ఉందనడానికి ఈనాటికీ కొందరు ‘సబిశీ’ అంటారు, కొందరు ‘సమిశీ’ అంటారు.

పదకొండో శతాబ్దం మొదట్లో మురసకి శికిబు రాసిన ‘గెంజి’ కథ మొదటి వాక్యంలోనే ఈ క్రియ కనిపిస్తుంది. ఏదో ఒక చక్రవర్తి కాలంలో అంతఃపురాన ఎందరో పెద్ద రాణులు, చిన్న రాణులు కొలువున్న వేళ... అని కథ ఎత్తుకుంటుంది. ఆ ‘కొలువున్న’ అన్నచోట ఉన్నది సబురౌ క్రియే. అంటే ఆనాడు ఈ క్రియ పట్టుచీరల నడుమ తిరిగింది, కవచాల నడుమ కాదు. సమురాయిని రాసే చైనా అక్షరానికి కూడా పక్కన నిలిచి సేవ చేయటమనే అర్థం; దాసి అన్న మాటలోనూ అదే అక్షరం వస్తుంది. యుద్ధం చేసేవాడనడానికి జపానులో వేరే మాట ‘బుశి’ ఉంది. పెద్దింటి కొలువులో నిలిచిన మనిషి పేరు క్రమేణా ఆయుధం పట్టి కొలువు చేసేవాడికి అంటుకుంది. 1192లో మినమొతో యొరితొమో షోగును, అంటే సర్వసేనాధిపతి, అయ్యాక ఆ ఆయుధం పట్టినవాళ్లే దేశాన్ని ఏలారు, పేరు మాత్రం సేవకుడిదే మిగిలింది.

తెలుగులో దీనికి అచ్చంగా సరితూగే మాట ఒకటుంది: బంటు. బంటు అంటే సేవకుడా, సైనికుడా? రెండూ. హనుమంతుడు రామబంటు, చదరంగంలో ముందు నిలబడే కాలిమనిషీ బంటే. త్యాగరాజస్వామి రాముణ్ణి ‘బంటు రీతి కొలువు’ ఇమ్మని అడిగాడు. ఆ కీర్తనలో ఆయన ఏమేమి తొడుక్కున్నాడో చూడండి: రోమాంచమనే కంచుకం, రామభక్తుడనే ముద్రబిళ్ళ, రామనామమనే ఖడ్గం. కవచం, ప్రభువు ముద్ర, కత్తి. యుద్ధసామగ్రి అంతా ఉంది, అడిగింది మాత్రం కొలువు. సమురాయి స్వరూపం ఇంతకంటే దగ్గరగా ఏ నిఘంటువూ చెప్పలేదు.

క్షత్రియుడంటే పుట్టుక ముందుంటుంది. సమురాయి విషయంలో చాలాకాలం అలా లేదు. హిదెయొశి కింది మెట్టు నుంచి ఎదిగి జపాను మొత్తానికి అధిపతి అయ్యాడు. తాను ఎక్కిన నిచ్చెనను తానే లాగేశాడు: 1588లో రైతుల దగ్గర కత్తులు గుంజుకున్నాడు, 1591లో ఎవరి వృత్తి గోడల్లో వాళ్లుండాలన్నాడు. తర్వాత తొకుగావా వంశపు షోగునుల పాలన కుదురుకున్నాక ఆ గోడలు గట్టిపడ్డాయి, నిజమే. అప్పటికి యుద్ధాలూ లేవు. సమురాయి జీతాన్ని బియ్యంలో, ‘కొకు’ల లెక్కన కట్టేవారు. ఒక కొకు దాదాపు 150 కిలోలు, ఒక మనిషికి ఏడాది తిండి అని లెక్క. చాలామంది ఆ బియ్యం తింటూ నడుముకు రెండు కత్తులతో కచేరీల్లో పద్దులు రాశారు. 1876లో ఆ కత్తులు పెట్టుకు తిరగడం కూడా ప్రభుత్వం నిషేధించింది. అన్నట్టు, కత్తి పట్టి రాజ్యమేలినవాళ్లంతా క్షత్రియులన్నది మన దగ్గరా నిలవదు. కొన్ని శాసనాలు కాకతీయులను నాలుగో వర్ణం వాళ్లని దర్జాగా చెబుతాయి.

‘బుషిడో’ సంగతి. జపాను ‘శి’ మూర్ధన్యం కాదు, మన తాలవ్య శకారానికి దగ్గర, ‘దో’ దంత్యం. చెవికి న్యాయం చేయాలంటే ‘బుశిదో’. జూడో, టోక్యో ఇంగ్లిషు దారిన వచ్చి డకార టకారాలతో స్థిరపడ్డాయి, వాటిని ఇప్పుడు కదిలించలేం. ఇదింకా స్థిరపడలేదు, సరిచేయొచ్చు. జూడోలోని ‘డో’, ఇందులోని ‘దో’ ఒకటే మాట: బాట.

‘క్షాత్రధర్మం’ అనగానే మనకు స్మృతులు, శాంతిపర్వం తలపుకొస్తాయి. బుశిదోకు అలాంటి ఒకే గ్రంథం లేదు. 1615లో షోగును సర్కారు సామంతుల మీద పెట్టిన కట్టుబాట్లున్నాయి, అవి శాసనం. యమమొతో త్సునెతొమో చెబుతుండగా మరొకరు రాసుకుని 1716 నాటికి ముగించిన ‘హగకురె’ ఉంది, అది ఒక్క సగా సంస్థానపు మాట. మరణమే సమురాయి బాట అన్న ఆ పెద్దమనిషి ఒక్క యుద్ధమూ చూడలేదు. ప్రపంచమంతా చదివిన ‘బుశిదో’ను నితొబే ఇనజో ఇంగ్లిషులో రాశాడు, 1900లో అచ్చయింది. బడిలో మతం చెప్పకుండా నీతి ఎలా నేర్పుతారని ఒక బెల్జియం పండితుడు అడిగినప్పుడు జవాబు తోచక, తర్వాత ఆలోచించి రాశానని ముందుమాటలో చెప్పుకున్నాడు. అందుకని బుశిదో అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘బంటు నడవడి’ అని విడమరిస్తే చాలని నా అభిప్రాయం.

హరాకిరి, సెప్పుకు ఒకటే: సమురాయి తన కడుపు తానే కోసుకుని ప్రాణం తీసుకోవటం. ‘కడుపు’, ‘కోయు’ అనే అవే రెండు అక్షరాలు ముందువెనకలుగా ఉంటాయి. సెప్పుకు చైనా పలుకుబడి, మన తత్సమం లాంటిది, మర్యాదైన మాట. హరాకిరి ఇంటి మాట. తెలుగు చేద్దామనుకుంటే మాత్రం జాగ్రత్త. ‘హరా’ కడుపు, ‘కిరి’ కోత. కలిపి రాస్తే కడుపుకోత! బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధ తీసుకెళ్లి సమురాయి కత్తికి గుచ్చినట్టవుతుంది.

రోనిన్ అంటే అలలా కొట్టుకుపోయే మనిషి. పాతకాలంలో ప్రభువు లేక దిక్కులు పట్టిన సమురాయి. ఈ కాలపు జపానులో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పి, ఏ కాలేజీలోనూ చేరకుండా మళ్లీ రాయడానికి ఏడాదంతా చదువుకునే కుర్రాడు. ఆ అమ్మాయి మాటకు తెలుగు మన ఇళ్లల్లో రోజూ వినబడేదే: ‘మా అన్నయ్య ఈ ఏడు లాంగ్‌టర్మ్.’