ఎన్1 పాసైతే సరిపోతుందా?

ప్రశ్న: జపనీస్ సామర్థ్య పరీక్ష (జెఎల్‌పిటి)లో ఎన్2 స్థాయి పాసయ్యాను. జపాన్ బధిరుల భాష, సంస్కృతి మీద పరిశోధన చేసి అధ్యాపక వృత్తిలోకి వెళ్లాలని ఉంది. అన్నిటికన్నా పై స్థాయి ఎన్1 కూడా అయిపోతే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చా?

జవాబు: ఎన్1 కావాలి, కానీ అది సగం దారే. జపాన్ బధిరుల సొంత భాష నిహోన్ షువా. షువా అంటే సంకేత భాష. దాని వ్యాకరణం జపనీస్‌ది కాదు. చెప్పింది ప్రశ్నా, మామూలు వాక్యమా అన్నది కనుబొమలూ తల కదలికా తేలుస్తాయి. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో చూస్తే తెలుస్తుంది, విభక్తులతో పని లేదు. జపనీస్ వాక్యాన్నే మాట వెంట మాటగా చేతుల్లోకి దించే పద్ధతి వేరే ఉంది, దాన్ని నిహోంగో తాయిఓ షువా అంటారు. జపనీస్ వచ్చినవాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. చిక్కూ అక్కడే. ఏడాది నేర్చుకున్నాక కూడా ఇద్దరు బధిరులు తమలో తాము మాట్లాడుకుంటుంటే ఏమీ అందదు. అందుకే క్లాసులో చేరేముందు రెండు విషయాలు కనుక్కోండి: నేర్పేవారు చిన్నప్పటి నుంచి ఆ భాషలో పెరిగిన బధిరులేనా? క్లాసు గొంతు వాడకుండా నడుస్తుందా? నోటితో జపనీస్ మాట్లాడుతూ చేతులు ఆడిస్తున్నారంటే అది మీకు కావలసిన క్లాసు కాదు.

ఈ తేడాను గట్టిగా ముందుకు తెచ్చింది 1995లో కిమురా హరుమి, ఇచిదా యాసుహిరో రాసిన ‘బధిర సంస్కృతి ప్రకటన’. బధిరులంటే జపనీస్ కాని వేరే భాష మాట్లాడే అల్పసంఖ్యాకులని అందులో అన్నారు. షువాను ఇలా రెండుగా విడదీయడం ఒప్పుకోని బధిరులూ ఉన్నారు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఈ వాదం రెండు వైపులా చదివి ఉండండి.

ప్రశ్న: వేళ్లతో అక్షరాలు చూపే యుబిమోజి 46 అక్షరాలూ వచ్చు. అయినా మనుషుల పేర్లే పట్టుకోలేకపోతున్నాను. ఎందుకు?

జవాబు: బాగా వాడుకలో ఉన్న ఇంటిపేర్లను అక్షరం అక్షరం చూపరు కాబట్టి. ‘సాతో’ అనే ఇంటిపేరుకు నోటి దగ్గర చూపే చక్కెర గుర్తు వాడతారు. జపనీస్‌లో చక్కెర కూడా సాతోనే. కంజీలు (చైనా నుంచి వచ్చిన లిపి గుర్తులు) వేరైనా ఉచ్చారణ ఒకటి. ‘ససాకి’కి వీపు వెనక నుంచి కత్తి దూసినట్టు చూపుతారు, ససాకి కోజిరో అనే ఖడ్గవీరుడి గుర్తు అది. ‘తనకా’లో మొదటి కంజీకి పొలమని అర్థం, దానికి ఒక చేతి మూడు వేళ్ల మీద రెండో చేతి మూడు వేళ్లు అడ్డంగా పెడితే పొలం గళ్లు వస్తాయి. ముందు ఒక యాభై ఇంటిపేర్లు కంజీతో సహా నేర్చుకోండి.

అక్షరాల్లో జరిగే పొరపాటు ఇంకొకటి. ‘క’, ‘గ’లకు చేతి ఆకారం ఒక్కటే, ‘గ’కు చెయ్యి పక్కకు జరుగుతుంది. ‘హ’ను ‘ప’ చేయాలంటే పైకి, దీర్ఘానికి కిందికి. వేళ్లనే చూస్తూ కూర్చుంటే ఆ జరుగుడు కంటికి ఆనదు.

ప్రశ్న: నేను రికార్డు చేసిన సంభాషణల్లో ముఖాలు బ్లర్ చేయమని గైడు అంటున్నారు. చేయవచ్చా?

జవాబు: చేస్తే వ్యాకరణమే చెరిగిపోతుంది. కనుబొమలు, చూపు, నోటి కదలిక లేని వీడియో భాషా పరిశోధనకు పనికిరాదు. గోప్యతను అనుమతి దగ్గరే చూసుకోవాలి: వీడియో పరిశోధకుడు మాత్రమే చూస్తాడా, సదస్సులో చూపుతాడా, అందరికీ అందుబాటులో పెడతాడా అని మూడింటికీ విడివిడిగా సంతకం తీసుకోండి. కాగితం ఒక్కటే చాలదు. 1933లో విద్యామంత్రి హతోయామా ఇచిరో నోటి మాటనే నేర్పాలని బడులకు చెప్పాక, దశాబ్దాల పాటు బధిర పాఠశాలల్లో షువాను అణచిపెట్టారు. అలా చదివిన పెద్దవాళ్లలో రాత జపనీస్ చదవడం కష్టమయ్యేవారున్నారు. కాబట్టి అనుమతి పత్రంలోని విషయమంతా షువాలో వివరించి, ఆ వివరణనూ రికార్డు చేయండి.

కెమెరా ఫ్రేములో తల పైన కాస్త ఖాళీ, పక్కల మోచేతులు చాపినా పట్టేంత చోటు ఉండాలి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. చారల చొక్కా మీద వేళ్లు కలిసిపోతాయి. షట్టర్ వేగం తక్కువైతే యుబిమోజి అలుక్కుపోయినట్టు వస్తుంది. వీడియో పక్కన వివరాలు రాసుకునే ఈలాన్ సాఫ్ట్‌వేర్‌లో కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కనుబొమలు, నోరు, అనువాదం, దేని వరస దానికి పెట్టుకోండి. ఒక్క నిమిషం వీడియోకి గంటల పని పడుతుంది. థీసిస్ గడువును దీన్ని బట్టే లెక్కేసుకోవాలి.

ప్రశ్న: జపాన్‌లో ఎక్కడ చేరాలి?

జవాబు: ఒసాకాలోని జాతీయ మానవజాతి మ్యూజియం (మిన్‌పాకు), హ్యోగోలోని క్వాన్సెయ్ గకుయిన్ విశ్వవిద్యాలయం ముందు చూడండి. త్సుకుబా సాంకేతిక విశ్వవిద్యాలయం బధిర, అంధ విద్యార్థుల కోసం పెట్టింది. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కు రాయబార కార్యాలయం ద్వారా వెళితే, మొదటి వడపోత దాటాక విశ్వవిద్యాలయం నుంచి తాత్కాలిక అంగీకార పత్రం మీరే తెచ్చుకోవాలి. గైడుతో ఉత్తరాలు అంతకు నెలల ముందే మొదలుపెట్టండి. పరిశోధన పథకంలో మీకు షువా ఎంతవరకు వచ్చో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి.