జాన్సన్‌ను ఏ తూకంతో చూడాలి?

ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ను పౌరహక్కుల చట్టంతో కొలవాలా, వియత్నాంతోనా?

జవాబు: ముందు ఏ పని ఎవరి చేతిలో ఉందో చూడండి. జాతి వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల బిల్లు సెనేట్‌లో 73-27తో గట్టెక్కింది. ఆ ఘనతలో ప్రతిపక్ష రిపబ్లికన్లకూ వాటా ఉంది. 1965లో ఓటుహక్కు చట్టం, వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వచ్చాయి. అదే ఏడాది వలస చట్టం పుట్టిన దేశాన్ని బట్టి వలసదారుల సంఖ్యకు పరిమితి పెట్టిన పాత జాతీయ మూలాల కోటాలను ఎత్తేయబట్టే మన డాక్టర్లకు, ఇంజనీర్లకు అక్కడ దారి తెరుచుకుంది.

వియత్నాం యుద్ధం లెక్క వేరు. 1964 ఆగస్టులో టోంకిన్ తీర్మానం చేసి కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) యుద్ధం పగ్గాలను ఆయనకే అప్పగించింది. 1963 చివర్లో వియత్నాంలో సుమారు 16 వేలున్న అమెరికా సైనిక సిబ్బంది 1968కి 5 లక్షలు దాటారు. ఆ నిర్ణయాలు ఆయనవే.

చాలామంది పొరబడేది ఇక్కడే: వియత్నాంను విదేశాంగ ఖాతాలోనే రాసి ఊరుకుంటారు. 1968లో యుద్ధఖర్చు వల్ల ఆయన అడిగిన పన్ను పెంపుకు ఒప్పుకోవడానికి కాంగ్రెస్ 600 కోట్ల డాలర్ల ఖర్చుకోత పెట్టించింది. ఆ యుద్ధభారం ఆయన పేదరిక నిర్మూలన పథకాల మీదా పడింది. అందుకే ఆ నష్టాన్ని విదేశాంగం, దేశీయ పాలన అనే రెండు ఖాతాల్లోనూ రాయండి.